ఎవరూ తగలకుండా పడ్డవాడు

రోజ్‌మెన్‌కి అనుమానం పుట్టుకతో వచ్చిందని పేటలో అంటారు. అది అన్యాయం. ముప్పై ఏళ్లుగా హైతీలోని పెతీ-గోవ్ ఊరి బజారులో పాత బట్టల మూటలు విప్పి అమ్ముతున్న మనిషికి అనుమానం కూడా పనిముట్టే. చొక్కా చేతిలోకి తీసుకోగానే ఏ కుట్టు మిషనుది, ఏది చేతిది, ఏ చిరుగు కనబడకుండా జేబు జరిపి కుట్టారు, అన్నీ ఇట్టే చెప్పేస్తుంది. మనుషుల్ని కూడా అలాగే లోపలివైపు తిరగేసి చూస్తుంది.

ఆమెకి ఒక్కడే కొడుకు, బెర్తోనీ. ఫుట్‌బాల్‌లో ముందు వరసలో ఉండి గోల్స్ కొట్టేవాడు. పంతొమ్మిదో ఏట రాజధానిలో ఒక క్లబ్బు, ఇరవై రెండో ఏట సరిహద్దు దాటి దొమినికన్ల క్లబ్బు, ఆ తర్వాత హోండురాస్. హైతీ జట్టు చొక్కా నాలుగుసార్లు తొడుక్కున్నాడు. ఆ నాలుగు చొక్కాల్నీ రోజ్‌మెన్ ఇంట్లోనే ఆరేసేది. బయట ఆరేస్తే ఎవరు దారప్పోగు లాక్కుపోయి ఏం చేస్తారో ఎవరికి తెలుసు? కొడుకు సెలవులకి వస్తే ఎవరింట్లోనూ చెంచా ముట్టనిచ్చేది కాదు. అదే వీధిలో ఈస్లాండ్ అనే ఆమె తిండి బండి దగ్గర మాత్రం తిననిచ్చేది. ఆ ఒక్క సడలింపే కొంప ముంచిందని ఆమె నమ్మకం.

ఈస్లాండ్ మొగుడు క్లెర్విల్. క్లెర్విల్, బెర్తోనీ ఒకే వీధిలో వట్టి కాళ్లతో ఆడి పెరిగారు. క్లెర్విల్ బంతి అందిస్తే బెర్తోనీ గోల్ చేసేవాడు. రాజధాని నుంచి వచ్చినవాళ్లు కొట్టినవాణ్ణి తీసుకుపోయారు, అందించినవాణ్ణి వదిలేశారు. క్లెర్విల్ ఇప్పుడు మోటారుసైకిల్ మీద జనాన్ని ఎక్కించుకుని తిప్పుతాడు. ఈస్లాండ్ కూడలిలో వేయించిన పందిమాంసం, అరటికాయ బిళ్లలు, ముక్కులో నీళ్లు తెప్పించే కాబేజీ పచ్చడి అమ్మేది.

ఆగస్టులో సెలవుల పోటీల ఫైనల్ జరిగింది. సెలవులకి వచ్చిన బెర్తోనీ వీధి తరఫున ఆడాడు. అక్టోబరులో కోస్టా రికాలో కొత్త క్లబ్బుకి వెళ్లాలని అందరికీ చెప్పి ఉన్నాడు. ఆటకి ముందు ఈస్లాండ్ దగ్గర ఒక ప్లేటు తిన్నాడు. ఆట సగం దాటాక క్లెర్విల్ ఇద్దరి మధ్యనుంచి బంతి జారవిడిచాడు. బెర్తోనీ పరుగెత్తి అందుకున్నాడు, కొట్టడానికి ఒళ్లు తిప్పాడు, మోకాలు పట్టుకుని కూలిపోయాడు. అవతలి జట్టువాడు ఇంకా నాలుగు బారల దూరంలో ఉన్నాడు.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఎవడైనా తన్ని ఉంటే వాణ్ణి నాలుగు తిట్టి ఊరుకునేవారు. ఎవరూ తగల్లేదు. ఊరు ఊరంతా చూసింది. రోజ్‌మెన్ మైదానం మధ్యకి నడిచి, "ఎవరూ ముట్టుకోకుండా మనిషి పడతాడా?" అని అడిగింది.

ఆమె ఎవరి పేరూ ఎత్తలేదు, అదీ ఆమె గొప్పతనం. బజారులో ఎవరైనా మోకాలి సంగతి అడిగితే, ఆ రోజు మావాడు ఎవరి చేతి తిండి తిన్నాడో మీకు తెలియంది కాదు అనేసి బట్టలు సర్దుకునేది. మిగతాది పేటే పూర్తి చేసుకుంది. ఈస్లాండ్ మందు పెట్టిందన్నారు. క్లెర్విల్‌కి కడుపుమంట అన్నారు. అంతకుముందు రోజు ఆ ఇంటి వెనక ఏదో పాతిపెడుతుంటే చూశామని చెప్పడానికి ఇద్దరు తయారయ్యారు. అక్టోబరుకి ఈస్లాండ్ బండి దగ్గర బస్సు దిగే పరాయివాళ్లే మిగిలారు. వాళ్లకీ ఎవరో చెవిన వేశారు. నవంబరులో ఆమె బండి ఇంటికి తోసుకుపోయింది. ఒకసారి ఈస్లాండ్ వచ్చి రోజ్‌మెన్ ఇంటి తలుపు కొట్టింది కూడా. స్నానం చేస్తున్నానని లోపలినుంచే సమాధానం వచ్చింది. క్లెర్విల్ స్నేహితుణ్ణి చూడ్డానికి మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ బెర్తోనీ నిద్రపోతున్నాడన్నారు. బెర్తోనీ కిటికీ పక్కనే కూర్చుని ఉన్నాడు.

డిసెంబరు ముప్పై ఒకటిన రోజ్‌మెన్ ఇల్లు దులిపింది. కొడుకు పెట్టె ఖాళీ చేసి లోపలి గుడ్డ తడుముతుంటే వేలు ఆగిపోయింది. మూలలో జానెడు మేర కుట్టు చేతిది. మిగతాదంతా మిషను కుట్టు. దొరికింది, ఇన్నాళ్లకి దొరికింది, పాపిష్ఠిదాని ప్రయోగం ఇందులోనే ఉంది అనుకుంది. దేవుణ్ణి తలుచుకుని కత్తెర వేసింది.

ఎముకా లేదు, వెంట్రుకలూ లేవు. మడతపెట్టిన నల్లటి ఎక్స్‌రే కాగితం లాంటిది ఒకటి, దాని మీద మోకాలు. పక్కన స్పానిష్‌లో ఆసుపత్రి చీటీ. ఆమెకి భాష రాదు. కొడుకు పేరు గుర్తుపట్టింది, తారీఖు చదవగలిగింది. కిందటేడాది మార్చి. వేళ్ల మీద రెండుసార్లు లెక్కపెట్టింది. ఫైనల్‌కి పదిహేడు నెలల ముందు.

బెర్తోనీ ఆ చీటీ చూసి మంచం మీద కూర్చుండిపోయాడు.

"హోండురాస్‌లోనే పోయిందమ్మా. సూదులు వేసి కొన్నాళ్లు ఆడించారు. తర్వాత వద్దన్నారు."

"మరి కోస్టా రికావాళ్లు?"

"ఎవరూ పిలవలేదు."

"పడ్డప్పుడైనా చెప్పొచ్చు కదరా."

"పడ్డప్పుడు నాకు హాయిగా అనిపించింది. ఇంక ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు అనుకున్నాను. ఈలోపు నువ్వే కారణం చెప్పేశావు."

ఆ మాట రోజ్‌మెన్‌కి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఎవరికీ చెప్పొద్దని అతను బతిమాలాడు. తడి కళ్లతోనో జాలితోనో, జనం ఇప్పటికీ కిటికీ దగ్గర ఆగి పలకరిస్తున్నారు. ఎవరో పడగొట్టిన ఆటగాడంటే మర్యాద ఉంటుంది, అక్కర్లేదని పంపించేసిన ఆటగాడంటే ఏముంటుంది? ఆమె ఔననలేదు, కాదనలేదు. పెట్టె గుడ్డ మళ్లీ కుట్టేసింది.

మర్నాడు జనవరి ఒకటి, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజు. ఆ రోజు గుమ్మడికాయ సూప్ ఉడకని ఇల్లుండదు. గుమ్మంలోకి వచ్చినవాడికి లేదనకూడదు, ఇచ్చినదాన్ని వద్దనకూడదు. ఈస్లాండ్ ఎప్పటిలాగే పెద్ద కుండ వాకిట్లో పెట్టింది. పది దాటినా ఒక్క గిన్నె రాలేదు. అందరూ ఎవరి గుమ్మంలో వాళ్లు చెంచా పట్టుకుని ఆ కుండనే చూస్తున్నారు.

రోజ్‌మెన్ గిన్నె తీసుకుని వీధి దాటింది. పోట్లాటకి వెళ్తోందని కొందరనుకున్నారు. సాక్ష్యానికి సూప్ పట్టుకుపోవడానికి వెళ్తోందని ఇంకొందరు అనుకున్నారు. ఆమె గిన్నె చాపింది. ఈస్లాండ్ నింపింది. ఆమె అక్కడే నిలబడి, అందరూ చూస్తుండగా, అడుగు కనబడేదాకా తాగింది.

ఈస్లాండ్ గరిటె కింద పెట్టలేదు.

"జాలితో తాగావా అత్తా, ఏదైనా తెలిసి తాగావా?"

పండగ కదా అని తప్పించుకోవచ్చు. వెనక తన ఇంటి కిటికీలో కొడుకు నిలబడి ఉన్నాడని రోజ్‌మెన్ తిరక్కుండానే తెలుసుకుంది. పన్నెండేళ్లు వాడు సంపాదించుకున్న పేరు ఇప్పుడు తన నోట్లో ఉంది. ఆమె ఈస్లాండ్ చేతులు చూసింది. రెండు నెలలుగా నూనె తగలక ఆ చేతుల మీది కాలిన మచ్చలు మానిపోయాయి.

"మావాడి మోకాలు హోండురాస్‌లోనే పోయింది, ఇక్కడికి రాకముందే. కాగితం చూశాను. నీ తిండిలో ఏమీ లేదు. నీ మీద ఆ మాట పుట్టించింది నేనే."

వీధి చివరిదాకా వినబడేలా చెప్పింది. కాసేపటికి ఒక్కొక్కరే గిన్నెలతో వచ్చారు. ప్రతివాళ్లూ, మేం ఏనాడూ నమ్మలేదమ్మా అన్నారు. ఏదో పాతిపెట్టడం చూసిన ఇద్దరు అందరికంటే ముందు వచ్చారు.

ఆఖరున బెర్తోనీ కుంటుకుంటూ వచ్చాడు. క్లెర్విల్ తన భార్య చేతిలోంచి గరిటె తీసుకున్నాడు.

"మూడుసార్లు వచ్చాను. మెలకువగానే ఉన్నావా?"

"ఉన్నాను."

"మీ అమ్మ బజార్లో ఏమంటోందో నీకు తెలుసా?"

"తెలుసు."

క్లెర్విల్ గిన్నె నిండా పోశాడు. మంచి మాంసం ముక్క ఏరి పైన వేశాడు. గిన్నె అతని చేతిలో పెట్టి, "తిను. ఇవాళ లేదనకూడదు. రేపటినుంచి ఈ గుమ్మం తొక్కకు" అన్నాడు.

బెర్తోనీ వీధిలో నిలబడే తిన్నాడు. పరాయి చేతి తిండి కొడుకు తింటుంటే రోజ్‌మెన్ అనుమానం లేకుండా చూడటం అదే మొదలు.