కుర్చీ ఉన్న చోటు

వెర్నా పొయ్యిరాళ్ల మధ్య బూడిదలో ఇంకో బకెట్టు నీళ్లు పోసి, కర్రతో కలియబెట్టి, చెయ్యి లోపలికంటా పెట్టి చూసింది. చల్లబడింది. చేతిని ప్యాంటుకి తుడుచుకుని చుట్టూ నేలంతా కళ్లతో ఊడ్చింది. ఒక సీసామూత గానీ, తాడుపీలిక గానీ లేదు. రెండు వారాలు ఇద్దరు మనుషులు ఇక్కడ కాపురం చేశారంటే ఎవరూ నమ్మరు. అడవిలో ఒకచోట అంతకు మించి ఉండనివ్వరు. నిన్న అటవీశాఖ రేంజర్ వచ్చి ఆ మాటే మర్యాదగా చెప్పి వెళ్లాడు. తిట్టి చెప్పినా బాగుండేది, తిరిగి తిట్టడానికి వీలుండేది.

ఆమె భర్త డెల్ అప్పటికే వ్యాన్ ముందుసీట్లో కూర్చుని ఆయాసపడుతున్నాడు. కుర్చీలోంచి లేచి వ్యాన్ దాకా నడిచినందుకే ఆ ఆయాసం. ఒకప్పుడు ఈ కొండల్లోంచి దుంగల లారీని ఒంటిచేత్తో దింపిన మనిషి. ఆ తర్వాత కోత మిల్లులో చేరి, మిల్లు మూతపడేదాకా రంపప్పొట్టు పీల్చాడు. ఊపిరికి సాయం చేసే మిషను ఆసుపత్రివాళ్లు ఇస్తామన్నారు గానీ దానికి ప్లగ్గు కావాలి. పైన్ చెట్లకి ప్లగ్గులుండవు.

"ఇప్పుడెక్కడికి?" అన్నాడు.

"పనికి. సాయంత్రం ఏదో ఒక చోటు చూసుకుందాం."

"సెప్టెంబర్ లేబర్ డే సెలవుల ముందు శుక్రవారం సాయంత్రం. భలే ముహూర్తం పెట్టావు."

వెర్నా ఆయన కుర్చీ మడిచి వ్యాన్‌లో పెట్టింది. అది పాత అల్యూమినియం కుర్చీ. నారపట్టీలు చివికిపోతే, లాండ్రీలో పారేసిన హోటల్ దుప్పట్లను పీలికలుగా చించి తనే మళ్లీ అల్లింది. తెల్లని అల్లికలో అక్కడక్కడ హోటల్ నీలిగీత కనబడుతుంది. డెల్ బరువుకి నడుమ గుంట పడింది. ఆ గుంట ఇంకెవరికీ సరిపోదు.

బెల్‌ఫోర్డ్ ఊళ్లో హోటల్ లాండ్రీ నేలమాళిగలో ఉంటుంది. కిటికీల్లేవు. వెర్నా పని మడతలు. వేడివేడి దుప్పటి మిషన్లోంచి వస్తుంది, రెండు మూలలు పట్టుకోవాలి, విదిలించాలి, మడవాలి. పగలంతా అదే. హోటల్‌వే కాకుండా, టూరిస్టులకు రోజువారీ అద్దెకిచ్చే ఇళ్ల దుప్పట్లు కూడా ఇక్కడికే వస్తాయి. ఒక్కో ఇంటి సంచి మీద ఆ ఇంటి పేరుంటుంది. వాటిలో 'మిల్లువాడి గూడు' అనే సంచి వచ్చినప్పుడు వెర్నా దాన్ని చివరికి పెట్టుకుంటుంది. పాతికేళ్లు వాళ్లిద్దరూ అద్దెకున్న ఇల్లు అది. యజమాని చనిపోతే కొడుకు అమ్మేశాడు. కొన్నవాళ్లు గోడలకి గొడ్డళ్లూ రంపాలూ వేలాడదీసి ఆ పేరు పెట్టారు. తను పడుకున్న గదిలో ఎవరెవరో పడుకుంటే ఆ దుప్పట్లు వెర్నా మడతపెడుతుంది. మొదట్లో ఏడుపొచ్చేది. ఇప్పుడు మరకలున్నాయేమోనని మాత్రం చూస్తుంది.

మధ్యాహ్నం సూపర్‌వైజర్ గ్రెగ్ మెట్లు దిగి వచ్చాడు.

"వెర్నా, బయట పార్కింగులో ఉన్న వ్యాన్ నీదే కదా. అందులో మనిషున్నాడని గెస్టులు చెబుతున్నారు."

"మా ఆయన. నీడ ఉందని అక్కడ పెట్టాను. గ్రెగ్, ఈ సెలవులు మూడు రోజులూ అక్కడే ఉండనిస్తావా? వెనక, చెత్తడబ్బాల పక్కన. ఎవరికీ కనబడం."

గ్రెగ్ తల గోక్కున్నాడు. చెడ్డవాడేం కాదు. ఏ పనీ చెయ్యలేని మంచివాడు.

"నాదేముంది, నేను సరేనంటాను. పైవాళ్లు ఊరుకోరు. ఒకరికిస్తే రేపు పదిమంది వస్తారు. షిఫ్టు అయ్యేదాకా ఉంచుకో."

పక్క మిషన్ దగ్గర పనిచేసే లూపె ఇదంతా విని, గ్రెగ్ వెళ్లాక దగ్గరికొచ్చింది. "అక్కా, మా గదికి రండి. ఆరుగురం ఉన్నాం, ఎనిమిది మందైతే ఏమవుతుంది. కానీ మూడో అంతస్తు."

"మెట్లెక్కలేడే ఆయన," అంది వెర్నా. అని, ఇంకో దుప్పటి విదిలించింది.

పని అయ్యేసరికి ఊరి రోడ్డంతా బోయిసీ పట్నం నుంచి వచ్చిన బళ్లతో నిండిపోయింది. బళ్ల మీద పడవలు, సైకిళ్లు, వెనక ట్రైలర్లు. డబ్బులు కట్టే క్యాంపుల్లో చోటు వసంతంలోనే అయిపోయింది. ఇక మిగిలింది అడవిలో ఎవరిదీ కాని చోటు. మట్టిరోడ్డు పక్కన ఏ కొమ్మదారో చీలి, చివర చదునైన నేల, నల్లబడిన నాలుగు రాళ్లు ఉంటే అదే ఇల్లు. బోర్డుండదు, నీళ్ల కొళాయి ఉండదు, అడిగేవాడుండడు. రెండేళ్లుగా అలాంటి చోట్లన్నీ డెల్ కనిపెట్టినవే. గడ్డిలో చక్రాల జాడ ఎంత పాతదో చూసి, ఈ దారిలో వెళ్లొచ్చు, వెళ్లకూడదు అని చెప్పేవాడు. పైన ఎండిన చెట్టుంటే కూలుతుందని బండి ఆపేవాడు కాదు. ఈ వేసవి నుంచే స్టీరింగ్ వెర్నా చేతికొచ్చింది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యం చదును. తల పల్లానికొస్తే డెల్‌కి ఊపిరాడదు, పక్కకి ఒరిగితే దగ్గు ఆగదు. వెర్నా ఎక్కడ ఆగినా ముందుగా వ్యాన్ నేల మీద బీన్స్ డబ్బా పడుకోబెట్టి చూస్తుంది. డబ్బా దొర్లితే బండి తియ్యాల్సిందే.

ఎల్క్ ఫోర్క్ రోడ్డులో మొదటి చోట గుడారం ఉంది, మనుషులు లేరు. రెండో చోట రెండు ఖాళీ కుర్చీలు, వాటి మధ్య ఐసుపెట్టె. మూడో చోట ఒక్క కుర్చీ. ఇది పట్నంవాళ్ల పద్ధతి. గురువారమే ఎవరో ఒకరు వచ్చి కుర్చీ వేసి పోతారు, చోటు తమదైపోయినట్టు. మిగతావాళ్లు ఆ కుర్చీ చూసి బండి తిప్పుకుని వెళ్లిపోతారు. చట్టంలో అలాంటిదేం లేదు. అయినా అందరూ పాటిస్తారు.

"కూర్చునేవాడు లేని కుర్చీకి ఎకరం చోటు," అన్నాడు డెల్. ఆ మాట ఆయన ఎన్నోసార్లు అన్నాడు. ప్రతిసారీ కుర్చీని పచ్చిబూతులు తిడతాడు, ప్రతిసారీ దాన్ని ముట్టుకోకుండా బండి పోనివ్వమంటాడు. ఒకసారి మొదలుపెడితే ఇక మనం మనుషులం కామంటాడు.

ఆ తర్వాత దొరికిన ఖాళీచోట డబ్బా దొర్లుకుంటూ వెళ్లి వెనక తలుపుకి కొట్టుకుంది. ఇంకోచోట కొంచెమే దొర్లింది. వెర్నా ముందు చక్రాల కింద రాళ్లు పెట్టి ఎత్తబోయింది. డెల్ పెదాలు నీలంగా మారుతుంటే ఆ పని వదిలేసి మళ్లీ స్టీరింగ్ పట్టుకుంది. పొద్దు కొండల వైపు వాలింది. పెట్రోలు ముల్లు కిందికి దిగుతోంది. ఎదురొచ్చే ప్రతి బండీ చోటు వెతుక్కునేదే. వాళ్ల ముఖాల్లో విసుగుంది. వెర్నాలో ఉన్నది భయం. ఈ రాత్రి ఏ రోడ్డు వాలులోనో ఆగితే ఈ మనిషి తెల్లారేదాకా ఉండడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఎవరూ పైకి అనడం లేదు.

"రెండో వంతెన దాటాక ఎడమకి," అన్నాడు డెల్ కళ్లు మూసుకునే. "పైన మా దుంగలు పేర్చే చదునుంది. కింద వాగు. అక్కడ లారీ లోడు చేస్తుంటే కాఫీ కప్పు బానెట్ మీద పెట్టేవాణ్ణి. తొణికేది కాదు."

"అక్కడెవరూ ఉండరంటావా?"

"ఆ దారి ఎవరికి తెలుసు? నాకూ, దేవుడికీ. దేవుడికి బండి లేదు."

చాలారోజుల తర్వాత వెర్నా నవ్వింది. ఎడమకి తిప్పింది. దారి నిండా పొదలు, వ్యాన్ ఒళ్లంతా గీసుకుంటున్నాయి. చెట్లు విడిపోయి చదును కనిపించింది. ఇల్లు అలికినంత చదును. పక్కనే వాగు చప్పుడు. సరిగ్గా నడిమధ్యలో నీలం కుర్చీ ఒకటి, కొత్తది, చెయ్యి ఆనించే పట్టీలో కప్పు పెట్టుకునే గుంటతో సహా.

వెర్నా ఇంజను ఆపేసింది. 

"పోనీ ముందుకి," అన్నాడు డెల్. గొంతులో గురగుర.

"ముందుకెక్కడ? దారి కొండెక్కుతుంది."

"వద్దు వెర్నా. ఎవరో పెట్టుకున్నారు. చూసి కూడా..."

"నువ్వు నోర్మూసుకో," అంది వెర్నా. పెళ్లయ్యాక ఆయన్ని ఆ మాట అనడం అదే మొదలు.

దిగి వెళ్లి నీలం కుర్చీని మడిచింది. విసిరెయ్యడానికి చేతులు రాలేదు. ఒద్దికగా మడిచి, దుమ్ము దులిపి, దారి మొదట్లో పైన్ చెట్టుకి ఆనించి వచ్చింది. వ్యాన్ నడిమధ్యకి తెచ్చి డబ్బా పడుకోబెట్టింది. డబ్బా కదల్లేదు.

డెల్‌ని వాగు వైపు ముఖం పెట్టి తన కుర్చీలో కూర్చోబెట్టింది. మోకాళ్ల మీద దుప్పటి కప్పి, టోపీ కళ్ల మీదికి లాగింది, ఎండ ఏటవాలుగా కొడుతోందని. స్టవ్ మీద సూప్ వేడిచేసి గిన్నె ఆయన ఒళ్లో పెట్టి, పక్కన చెంచా ఉంచి, రెండు చేతులూ దాని చుట్టూ వేసింది.

"చల్లారాక తాగు."

డెల్ అరచేత్తో కుర్చీ పట్టీని తడిమాడు. "లారీ ఆ పక్కన పెట్టేవాణ్ణి," అన్నాడు, వాగు వైపు చూస్తూ. "నిన్నోసారి తీసుకొద్దామనుకున్నాను. తీరింది కాదు."

"ఇప్పుడు తెచ్చావుగా," అని ఆమె వ్యాన్‌లోకి పోయి పక్క పరిచింది.

దిండ్లు ఎత్తుగా పేరుస్తుండగా ఇంజను చప్పుడు వినబడింది. పెద్ద ట్రక్కు, వెనక ట్రైలరు. ఒకాయన దిగాడు, ముప్ఫై దాటిన మనిషి. చెట్టుకి ఆనించిన కుర్చీని చూసి అక్కడే ఆగిపోయాడు. ట్రక్కులో భార్య, వెనక సీట్లో పిల్లల తలలు. వెర్నా గబగబా ఎదురు నడిచింది.

"అమ్మా, ఈ చోటు మాది. నిన్న మూడు గంటలు బండి తోలుకొచ్చి కుర్చీ వేసి వెళ్లాను."

"నేనే తీశాను."

"తీశారా? అలా ఎలా తీస్తారు? మీరూ క్యాంపింగ్ చేసేవాళ్లేగా, పద్ధతి తెలీదా?"

"మేం క్యాంపింగ్ చెయ్యం బాబూ. మాకు ఇల్లు లేదు." ఆ మాట రెండేళ్లలో ఎవరితోనూ అనలేదు. అన్నాక ఇక ఆగలేదు. "మీ కుర్చీ ఎక్కడైనా పడుకుంటుంది. ఎత్తయినా పల్లమైనా దానికొకటే. మా ఆయన పడుకోలేడు. పొద్దుటి నుంచి ఆయన నడుం వాల్చలేదు. కావాలంటే మీరే వెళ్లి లెమ్మని చెప్పండి. నేను చెప్పలేను."

అతను ఆమె భుజం మీదుగా చూశాడు. వాగు పక్కన కుర్చీలో ముసలాయన, కిందికి లాగిన టోపీ, ఒళ్లో గిన్నె. చూస్తూ చూస్తూ అతని గొంతు తగ్గింది.

"నిద్రపోతున్నట్టున్నారు. లేపకండి," అన్నాడు. "మేం పైన చూసుకుంటాంలెండి."

తన కుర్చీ చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. భార్య ఏదో గట్టిగా అడిగింది, అతను వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. ట్రక్కు చప్పుడు చెయ్యకుండా మెల్లగా కొండెక్కింది.

వెర్నా జీవితంలో దేనికీ పోట్లాడని మనిషి. ఇంటికోసం పోట్లాడలేదు, మిల్లువాళ్లు ఎగ్గొట్టిన పింఛను కోసం పోట్లాడలేదు. ఇవాళ గెలిచింది.

"విన్నావా డెల్? వెళ్లిపోయారు," అంటూ దగ్గరికొచ్చింది. "చోటు మనదే."

గిన్నెలో సూప్ అలాగే ఉంది. పైన సన్నని పొర కట్టింది. చెంచా తడవలేదు. సూప్ అంచు చుట్టూ సమంగా నిలబడి ఉంది, ఎటూ ఒరగకుండా. వెర్నా టోపీ ఎత్తి చూసింది. మళ్లీ మెల్లగా దించింది.

ఎప్పుడు పోయాడో తెలీదు. పక్క పరుస్తున్నప్పుడో, పిల్లల తండ్రితో వాదిస్తున్నప్పుడో. ఎవరిని చూపించి మీరే లెమ్మని చెప్పండని సవాలు చేసిందో, ఆ మనిషి అప్పటికే లేడేమో. వెర్నా నేల మీద కూలబడి ఆయన మోకాళ్లకి తల ఆనించి ఏడ్చింది. వాగు చప్పుడులో ఆ ఏడుపు ఆమెకే సరిగ్గా వినబడలేదు. ఆ రాత్రంతా అక్కడే ఉంది. ఫోను అందని చోటు, ఆయన్ని ఒంటరిగా వదిలి వెళ్లలేని చోటు. తెల్లారగట్ల అలవాటుకొద్దీ షిఫ్టు గుర్తొచ్చింది. గుర్తొచ్చినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

వెలుగొచ్చాక కొండ పైకి నడిచింది. ట్రక్కువాళ్లు వాలులో ట్రైలరు పెట్టుకున్నారు. చక్రాలకి అడ్డం రాళ్లు. విషయం వినగానే ఆ మనిషి ముఖం తెల్లబోయింది. వెంటనే ఫోను అందే మలుపు దాకా బండి తోలుకెళ్లాడు.

షెరీఫ్ ఆఫీసు నుంచి వచ్చిన పోలీసు పెద్దవాడు, నెమ్మదైనవాడు. డెల్‌ని బండిలోకి ఎక్కించాక, చనిపోయినాయన చిరునామా ఏమిటని అడిగాడు.

"ఇక్కడే," అంది వెర్నా.

అతను అదే రాసుకున్నాడు.

వాళ్ల వెనకే వెళ్లాలి. వెర్నా సూప్ పారబోసింది, గిన్నె కడిగింది, చుట్టూ నేల చూసింది. సీసామూత గానీ, తాడుపీలిక గానీ లేదు. చివరికి కుర్చీ దగ్గరికొచ్చింది. అల్లికలో గుంట అలాగే ఉంది. అల్యూమినియం చేతుల్ని పట్టుకుంది. తనవి రోజుకి వందల దుప్పట్లు మడిచే చేతులు. మడిస్తే ఆ గుంట పోతుంది. కాసేపు అలా పట్టుకుని నిలబడి, వదిలేసి, వ్యాన్ ఎక్కింది.

మధ్యాహ్నం ఒక కారు పొదలు రాసుకుంటూ ఆ దారిలో వచ్చింది. మీద గుడారాలు, లోపల అలసిపోయిన ముఖాలు. చదునునీ, పక్కన వాగునీ చూసి అద్దాలు దించారు. నడుమ తెల్లపట్టీల కుర్చీ ఒకటి వాగు వైపు తిరిగి ఉంది. ఎవరిదో చోటులే అనుకుని కారు వెనక్కి తిప్పుకున్నారు.