రక్తం కనిపిస్తేనే లేవాలి

నేను ఒక ప్లాస్టిక్ కుర్చీని. ఎర్రగా పుట్టి, ఎండలకి వెలిసి, ఇప్పుడు ఇదీ అని చెప్పలేని గులాబీ రంగులో ఉన్నాను. చేతులున్న కుర్చీని కాబట్టి చేతుల్లేనివాటి కంటే కాస్త పరువైనదాన్నని అనుకుంటూ ఉంటాను. మీరు నన్ను ఎక్కడో చూసే ఉంటారు గానీ గుర్తుండి ఉండదు. కూర్చున్న కుర్చీని గుర్తుపెట్టుకునే అలవాటు మనుషులకి లేదు. దక్కని కుర్చీనైతే పదేళ్ళయినా మరిచిపోరు.

పాత బక్కెట్లూ, మగ్గులూ, పగిలిన బిందెలూ కరిగించి అచ్చులో పోస్తే నేను వచ్చాను. నా వెనక కాలు ఒకటి పూర్వజన్మలో ఎవరి స్నానాలగదిలో ఉండేదో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. అచ్చులోంచి ఊడిపడ్డాక సామర్లకోటలో ఒక షామియానా కొట్టుకి చేరాను. అక్కడ నా చదువంతా పూర్తయింది. పెళ్ళిళ్ళకి వెళ్ళాను, పెద్దకార్యాలకి వెళ్ళాను, ఎన్నికల సభలకి వెళ్ళి ఒకసారి గాల్లో ఎగిరి కూడా వచ్చాను. ఇన్ని చూశాక నాకు అర్థమైంది ఒకటే. మనిషికి కూర్చోవడం రాదు. పెళ్ళిలో కూర్చున్నవాడి కళ్ళు భోజనాల బంతి మీద ఉంటాయి. సభలో కూర్చున్నవాడి ప్రాణం వేదిక మీది కుర్చీ మీద ఉంటుంది. లేవడానికి ముందు చేసే పనికి వీళ్ళు కూర్చోవడమని పేరు పెట్టుకున్నారు.

రంగు వెలిశాక కొట్టు యజమానికి దానగుణం పుట్టింది. నా వీపు మీద తెల్లరంగుతో తన పేరు, తండ్రి పేరు, కొట్టు పేరు, ఫోన్ నంబరు రాయించి, హైస్కూలు గ్రౌండులో ఆదివారం సాయంత్రాలు నడిచే స్కౌట్స్ అండ్ గైడ్స్ దళానికి నన్ను విరాళంగా ఇచ్చాడు. ఇచ్చినప్పుడు తీయించుకున్న ఫొటోకి అయిన ఖర్చు నా ఖరీదు కంటే ఎక్కువని నా అనుమానం.

ఆ దళాన్ని నడిపేది ఎస్తేరురాణి టీచరు. వారమంతా లెక్కలు చెప్పి, ఆదివారం చర్చికి వెళ్ళొచ్చి, భోజనం చేసి, నీలం చీర కట్టుకుని, మెడలో స్కార్ఫూ ఈలా వేసుకుని గ్రౌండుకి వచ్చేది. జీతం లేదు. పైగా తాళ్ళూ కర్రలూ కొన్నది ఆవిడే. పిల్లలకి ముడులు వేయడం, కట్లు కట్టడం, డేరా నిలపడం, ఆరుబయట పొయ్యి వెలిగించి వండుకోవడం నేర్పేది. పిల్లలు బాగానే నేర్చుకునేవారు. చిక్కంతా వాళ్ళని కన్నవాళ్ళతో వచ్చింది.

నేను చేరిన కొత్తలో టీచరు తల్లిదండ్రుల్ని పిలిచి, "నేను ఒక్కదాన్నే చూసుకోలేకపోతున్నానండి, మీరు కూడా ఒక చెయ్యి వెయ్యాలి" అంది. అందరూ ఉత్సాహంగా ఒప్పుకున్నారు. వెంటనే పేరెంట్స్ కమిటీ ఏర్పడింది. రైస్‌మిల్లు భూపతిరాజు గారు అధ్యక్షులయ్యారు, బ్యాంకులో పనిచేసే లలితకుమారి గారు కార్యదర్శి అయ్యారు. ఉపాధ్యక్షులు, సహాయ కార్యదర్శులు, గౌరవ సలహాదారులు అయ్యాక చూస్తే, మంచినీళ్ళ బిందె మోయడానికి మామూలు మనిషి ఒక్కడూ మిగల్లేదు. గేటుకి పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో కమిటీ ఫొటోలన్నీ పట్టేసరికి పిల్లలకి చోటు చాలక, అడుగున అడ్డంగా ఒక స్కార్ఫు బొమ్మ వేసి సరిపెట్టారు.

సరే, పదవులు వచ్చాయి కదా, పిల్లల్ని వదిలేస్తారేమో అనుకుంది టీచరు. వదల్లేదు. పిల్లాడు తాడు పట్టుకుంటే చాలు, వెనకనుంచి తండ్రి చేతులు వచ్చేవి. ఆ ఏడాది ముడుల పరీక్షలో పిల్లలందరూ తప్పారు, తండ్రులందరూ పాసయ్యారు. డేరా నిలపమంటే మేకులు కొట్టడానికి భూపతిరాజు గారి డ్రైవరు వచ్చాడు. టీచరు దారి పొడవునా పెట్టిన గుర్తులు వెతకమంటే లలితకుమారి గారు ముందే నడిచి, గుర్తులన్నీ ఏరుకొచ్చి కూతురి చేతిలో పెట్టారు.

అప్పుడు టీచరు నన్ను గ్రౌండు మధ్యలో, వేపచెట్టు నీడకి కాస్త ఇవతలగా వేసింది. అందర్నీ గేటు బయట నిలబెట్టి, కొత్త నియమం చెప్పింది.

"ఎవరి పిల్లలకి పరీక్ష ఉంటే వాళ్ళ ఇంట్లోంచి ఒకరు వచ్చి ఈ కుర్చీలో కూర్చోవాలండి. రక్తం కనిపిస్తే లేవండి. బట్టకి మంట అంటుకుంటే లేవండి. ఇంక దేనికీ లేవకండి. లేచారంటే ఆ పూట పరీక్ష చెల్లదు."

"అంతేనా టీచర్, కూర్చోవడమేనా?" అన్నారు భూపతిరాజు గారు నవ్వుతూ.

"అంతేనండి" అంది టీచరు. ఆవిడ నవ్వలేదు.

ఇక చూడండి నా వైభవం. భూపతిరాజు గారు నాలో కూర్చుని, ఫోన్లో గ్రౌండు పక్కింటివాళ్ళ అబ్బాయిని పట్టుకుని, ఆ అబ్బాయి చేత గోడ మీంచి తన కొడుక్కి సలహాలు చెప్పించారు. పట్టుబడితే, "నేను లేవలేదు కదండీ" అన్నారు. లలితకుమారి గారిది మరో పద్ధతి. ఆవిడ లేవకుండానే నాతో సహా జరిగేవారు. పరీక్ష మొదలైనప్పుడు వేపచెట్టు దగ్గరున్న మేము, ముగిసేసరికి పొయ్యి పక్కన ఉన్నాం. ఇసకలో నా కాళ్ళు గీసిన గీతలు చూసి టీచరు ఆ పూట పరీక్ష కొట్టేసింది. కమిటీ అత్యవసరంగా సమావేశమై, ఈ నియమం తల్లిదండ్రుల మనోభావాలను దెబ్బతీస్తోందని తీర్మానించింది. టీచరు ఆ కాగితం మీదే వచ్చేవారం పరీక్షల వరస రాసి గేటుకి అంటించింది.

నూకరాజు నా దగ్గరికి వచ్చింది ఆ రోజుల్లోనే. స్టేషన్ రోడ్డులో కర్రీ పాయింట్ అతనిది. మధ్యాహ్నం అయ్యేసరికి సగం ఊరు అతని గుత్తివంకాయ కూర పొట్లాలతో ఇంటికి వెళ్తుంది. కమిటీలో అతనికి ఏ పదవీ లేదు, ఎవరూ అడగలేదు. సమావేశాలకి బజ్జీలు మాత్రం అతన్నే అడిగేవారు. అతని కూతురు ప్రవల్లికకి పన్నెండేళ్ళు. ఆ పిల్లకి ఒకటే కోరిక. అరకు కొండల్లో జరిగే శిబిరానికి వెళ్ళాలి. దానికి వంట పరీక్ష పాసవ్వాలి. రెండే అగ్గిపుల్లలతో పొయ్యి వెలిగించి, ఎవరి సాయమూ లేకుండా ఉప్మా చెయ్యాలి.

మొదటిసారి తల్లి సత్యవేణి వచ్చి కూర్చుంది. పిల్ల అగ్గిపెట్టె తెరవగానే లేచి నిలబడింది. ఆవిడ బరువు నాకు తెలియనే లేదు. రెండోసారి నూకరాజు వచ్చాడు. పొయ్యి వెలిగింది. పోపు వేగింది. అప్పుడు ప్రవల్లిక రవ్వ వేయించకుండా ఎసట్లో పోయబోయింది. అది చూసి ఏ వంటవాడు మాత్రం కూర్చుంటాడు? ఒక్క ఉదుటున వెళ్ళి గరిటె లాక్కున్నాడు. ఉప్మా ఘుమఘుమలాడింది. టీచరు ఒక ముద్ద తిని, "చాలా బాగుందండి" అని, ప్రవల్లిక పేరు పక్కన సున్నా చుట్టింది.

ప్రవల్లిక తండ్రి వైపు చూసి, "నువ్వు పాసయ్యావు నాన్నా" అంది.

మూడో ఆదివారమే ఆఖరు. మర్నాడు శిబిరానికి పేర్లు వెళ్ళిపోతాయి. నాలో కూర్చోబోతూ నూకరాజు టీచరుతో మెల్లగా అన్నాడు.

"మా ఆవిడ తన వల్ల కాదందండి. నా వల్లా కాదేమోనండి. ఇదిగో సూడండి నా సేతులు." మోచేతుల దాకా నూనె చిందిన మచ్చలు. "ఈ పిల్లకి పొయ్యి సెగ తగలకూడదనే కదండీ నేను పొద్దత్తమానం పొయ్యి ముందు నిలబడతాను. అదేమో ఇయ్యాల నేను లేత్తే ఇంక గ్రౌండుకే రానంటంది."

"అయితే లేవకండి నూకరాజు గారూ" అంది టీచరు.

కూర్చున్నాడు. నేను చాలామందిని మోశాను గానీ, కూర్చున్నప్పుడే ఇంత కష్టపడుతున్న మనిషిని మోయలేదు. వీపు నాకు ఆనించలేదు. రెండు చేతులతో నా రెండు చేతుల్నీ పట్టుకున్నాడు.

మొదటి పుల్ల గాలికి ఆరిపోయింది. గేటు అవతల కమిటీ అంతా అయ్యో అంది. రెండో పుల్ల తీసి ప్రవల్లిక చాలాసేపు గియ్యలేదు. చితుకుల్ని మళ్ళీ పేర్చింది, కాసిన్ని కొబ్బరి పీచులు అడుగున దోపింది, గాలికి వీపు పెట్టి కూర్చుని గీసింది. అంటుకుంది. నూకరాజు ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినిపించింది.

తర్వాత పొగ లేచింది. పిల్ల కళ్ళు తుడుచుకుంటూ తండ్రి వైపు తిరిగింది. రవ్వ పళ్ళెం చేతిలో ఉంది. ఇప్పుడా, ఇంకాసేపాగా, అని అడుగుతున్నట్టే ఉన్నాయి ఆ కళ్ళు. నోటితో చెప్పక్కర్లేదు, ఒక్కసారి కనుబొమ్మ ఎగరేస్తే చాలు. నూకరాజు తల తిప్పి జెండా కర్ర వైపు చూశాడు. నాకు జాలేసింది. కుర్చీకి జాలేమిటంటారేమో. మీరూ కింద ఉండి చూడండి, తెలుస్తుంది.

రవ్వ ఈసారి వేయించింది. కానీ ఎసట్లో ఒక్కసారే కుమ్మరించింది. ఉండలు కట్టింది. ఎంత ఉప్పు వేశానో మరిచిపోయి మళ్ళీ వేసింది. నూకరాజు కుడిచెయ్యి గరిటె పట్టుకున్నట్టు నా చేతిని పట్టుకుని గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టింది. గిన్నె దించాల్సి వచ్చినప్పుడు ప్రవల్లిక గుడ్డ తీసుకోవడం మరిచి, ఉత్తచేత్తో అంచు పట్టుకుంది.

"అబ్బా" అని వేళ్ళు నోట్లో పెట్టుకుంది.

నా మీద బరువు తగ్గిపోయింది. అయిపోయింది, ఇతనూ లేచాడు అనుకున్నాను. రక్తం లేదు, బట్టకి మంట లేదు. అరకు పోయింది, గ్రౌండు పోయింది, ఈ తండ్రికీ కూతురికీ మధ్య ఇంకేదో కూడా పోయింది. అతను లేచి నిలబడడానికి ఇంకో జానెడు ఉందేమో. అక్కడే ఆగాడు. ఆగి, తన్ను తానే కిందకి లాక్కున్నట్టు మళ్ళీ నాలో పడ్డాడు. ఆ లాగడానికి పట్టుకున్నది నా కుడిచేతిని. అది మొదలంటా టప్పున విరిగింది.

"లేచాడండీ, నేను చూశాను" అన్నారు గేటు దగ్గర్నుంచి లలితకుమారి గారు.

టీచరు తిరిగి చూసింది. నూకరాజు నాలోనే ఉన్నాడు, విరిగిన నా చెయ్యి చేత్తో పట్టుకుని.

"లేవలేదండి. ఇక్కడే ఉన్నానండి. ఇదే ఇరిగిపోయిందండి" అన్నాడు.

ప్రవల్లిక వేళ్ళు నీళ్ళలో ముంచి, గుడ్డ తీసుకుని, గిన్నె దించింది. నాలుగు ఆకుల్లో ఉప్మా పెట్టింది. టీచరు రెండు ముద్దలు తిని, గ్లాసుడు నీళ్ళు తాగి, ఈల ఊది, "పాస్" అంది. అప్పుడు గానీ నూకరాజు లేవలేదు. లేచి వెళ్ళి ఆకంతా ఖాళీ చేశాడు.

"ఎలా ఉంది నాన్నా?"

"రెండుసార్లేసేవు ఉప్పు. రవ్వ ధారగా పొయ్యాలి, కలుపుతా ఉండాలి" అన్నాడు. తన కొట్టులో తోటి వంటమనిషికి చెప్పినట్టే చెప్పాడు. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. బాగుందని అబద్ధం చెప్పి ఉంటే అలా వెలిగేది కాదు.

కమిటీ ఆ రాత్రే తీర్మానం చేసింది. ప్రమాదానికి కారణం నాసిరకం కుర్చీ. భూపతిరాజు గారు మెత్తటి దిండు ఉన్న కొత్త కుర్చీ ఇచ్చారు, దాన్ని ఇస్తున్న ఫొటోతో గేటుకి కొత్త ఫ్లెక్సీ లేచింది. ఆ కుర్చీలో ఇప్పటికీ ఎవరూ నిలకడగా కూర్చోవడం లేదని విన్నాను.

నన్ను పాత సామాన్లవాడికి వేసి ఉల్లిపాయలు తీసుకుందామని టీచరు గోడవారగా పెట్టించింది. నూకరాజు వచ్చి అడిగాడు.

"విరిగిన కుర్చీ మీకెందుకండీ?" అంది టీచరు.

"ఇంట్లో అవసరం ఉందండి" అన్నాడతను.

ఇప్పుడు నేను అతని వంటింటి గుమ్మానికి ఇవతల ఉంటున్నాను. ప్రవల్లిక అరకు వెళ్ళి, మోకాలు కొట్టుకుని, కొత్త పాటలు నేర్చుకుని తిరిగొచ్చింది. ఆదివారం కొట్టుకి సెలవు. ఆ పూట వంట ఆ పిల్లది. నూకరాజు వచ్చి నాలో కూర్చుంటాడు. లోపలికి చూడడు, వీధి వైపు తిరిగి కూర్చుంటాడు. "నాన్నా, పసుపు ఎంత?" అని కేకేస్తే, "నీ కూర, నీ ఇష్టం" అంటాడు. కాస్త కాస్తగా వీపు కూడా ఆనిస్తున్నాడు. అతని కుడిచెయ్యికి మాత్రం ఇంకా తెలియదు. లోపల నూనె చుయ్యిమన్నప్పుడల్లా అది నా చేతిని పట్టుకోవడానికి వెళ్తుంది, దొరక్క గాలిలో కాసేపు ఆగుతుంది, తర్వాత మెల్లగా వచ్చి అతని ఒళ్ళో పడుకుంటుంది.