లోపల వదలని బట్ట

బొద్దక్క అసలు పేరు ఆ టైలరింగ్ షాపులో ఎవరికీ గుర్తు లేదు. ఆవిడ కటింగ్ బల్ల దగ్గర నిలబడితే ఇంకెవరికీ చోటుండదని కుట్టుపనివాళ్లు నవ్వేవాళ్లు. అందరికన్నా ముందు ఆవిడే నవ్వేది. అదంతా పోయిన ఏడాది సంగతి. ఇప్పుడు నవ్వడం లేదు. ఏడవడమూ లేదు. కత్తెర పడుతుంది, బట్ట కోస్తుంది, సాయంత్రానికి ఇంటికి పోతుంది.

దీనికంతటికీ మూలం చెల్లెలు. బ్యాంకులో ఉద్యోగం చేసే ఆ చెల్లెలు ఒక ఆదివారం బరువు చూసే మిషను చంకన పెట్టుకుని దిగింది. బొద్దక్కకు షుగరు లేదు, బీపీ లేదు. డాక్టరుకు లేని బెంగ చెల్లెలికి పట్టుకుంది.

"అమ్మ పుట్టినరోజుకి అందరం ఫొటో దిగుతున్నాం. ఫ్రేములో సగం నువ్వే ఉంటే ఎలాగే అక్కా? కొత్త గౌను కుట్టుకో, సన్నగా కుట్టుకో. లోపల బట్ట మాత్రం వదలొద్దు. వదిలావంటే మర్నాడే కుట్లు విప్పుకుంటావు. నీ సంగతి నాకు తెలీదూ!"

కుట్టు లోపల కాస్త బట్ట వదలడం ఏ దర్జీకైనా చేతికి అలవాటైన పని. రేపు ఒళ్లొస్తే విప్పుకోవచ్చు. ఇన్నేళ్లలో ఎవరి బట్టలకూ బొద్దక్క ఆ పని మానలేదు, తన గౌనుకు మానేసింది. ఒకే తానులోంచి తనకూ అమ్మకూ నీలం బట్ట తీసి, తనది ఇంకా రాని సన్నటి నడుముకు కోసింది, అమ్మది తనకు కంఠతా వచ్చిన పాత కొలతలకు కోసింది. అమ్మకు మళ్లీ టేపు పెట్టడమేమిటి, రోజూ చూసే మనిషికి!

ఆ రోజు నుంచి నోరు కట్టుకుంది. అంతకుముందు సాయంత్రం కాగానే తల్లీకూతుళ్లిద్దరూ వేడి రొట్టె, గుడ్లు, ఉడికిన బంగాళాదుంపలు ముందేసుకుని, వీధిలో వాళ్లందరినీ వరసబెట్టి ఏకిపారేసేవాళ్లు. ఇప్పుడు బొద్దక్క ఒక కప్పు పల్చటి సూపు గటగటా తాగేసి, తిండి కంటపడకుండా ముందుగదిలోకి పోయి తలుపేసుకునేది.

"అమ్మా, తిన్నావా?" అని అక్కడి నుంచే అడిగేది.

"ఏదో ఎంగిలి పడ్డాలే" అని వంటింట్లోంచి జవాబొచ్చేది. ఆ పూటకు ఇంట్లో మాటలు అంతే.

మొదట్లో కడుపు నకనకలాడేది. తర్వాత ఆకలే చచ్చిపోయింది. దానితోపాటు ఇంకా ఏవేవో పోయాయి. షాపులో ఎవరైనా జోకు వేస్తే అందరి నోళ్లూ తెరుచుకోవడం చూసేది. వాన పడితే వాన పడుతోంది అనుకునేది. బరువు మిషను మీద ముల్లు దిగినప్పుడల్లా చెల్లెలు చప్పట్లు కొట్టేది. తనకూ సంతోషం వస్తుందేమోనని బొద్దక్క ఒకసారి మిషను మీదే చాలాసేపు నిలబడింది కూడా. రాలేదు.

ఫొటోకు ముందురోజు సాయంత్రం చెల్లెలు వచ్చింది. బొద్దక్క గౌను వేసుకుంది. ఒంటికి అతికినట్టు సరిపోయింది.

"అబ్బ! ఎంత నాజూగ్గా ఉన్నావే!" చెల్లెలికి నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఊఁ" అంది బొద్దక్క.

అంతలో అమ్మ కూడా తన గౌను వేసుకుని వచ్చింది. భుజాలు జారిపోయాయి. నడుము దగ్గర బట్ట కుప్పపడింది. కొక్కేనికి తగిలించినా ఆ గౌను అంతకన్నా నిండుగా ఉండేది.

"కొలత తప్పావే అక్కా! రేపటికి లోపలికి పట్టెయ్" అని నవ్వింది చెల్లెలు.

బొద్దక్క మెడలోంచి టేపు తీసి అమ్మ నడుము చుట్టూ వేసింది. నమ్మలేక మళ్లీ వేసింది. కత్తెర తప్పలేదు. అమ్మే తగ్గిపోయింది. ఎన్నాళ్లకో ఆవిడకు ఏదో ఒకటి అనిపించింది, అది భయం.

"నువ్వు తినడం లేదా అమ్మా?"

"తింటున్నానే. ఒక్కదాన్నే కూర్చుంటే ముద్ద దిగదు, అంతే. నువ్వేమో పట్టుదల మీదున్నావు. చెబితే చెడగొట్టినదాన్నవుతానని..."

బొద్దక్క టేపు చుట్టి పక్కన పడేసి, వంటింటి బల్ల మీద రెండు పళ్లాలు పెట్టింది. రొట్టె కాల్చింది, గుడ్లు వేయించింది. గౌను మార్చుకోకుండానే కూర్చుంది.

"ఫొటో రేపే కదే! ఒక్కరోజు ఓపిక పట్టు. విప్పుదామన్నా దాన్లో బట్ట లేదు!" అంది చెల్లెలు.

"తెలుసు. కోసింది నేనే."

"మరి అమ్మ గౌను?"

"దాని జోలికెళ్లకు. అమ్మే దాంట్లోకి వస్తుంది."

మొదటి ముక్క రుచే తెలియలేదు. రెండోదీ అంతే. ఎదురుగా అమ్మ రొట్టె చేత్తో పట్టుకుని, కూతురి దవడ కదలడం చూసి, అప్పుడు తను నమిలింది. అది చూసి బొద్దక్క ఇంకో ముక్క తుంపుకుంది. అమ్మ కూడా తుంపుకుంది.

"పక్కింటావిడ మళ్లీ అలిగి వాళ్ల అక్క ఇంటికి పోయింది, తెలుసా?" అంది అమ్మ.

"ఎప్పుడు?"

"పోయిన నెల. చెబుదామంటే నువ్వు తలుపేసుకునేదానివి."

నడుము దగ్గర కుట్టు పిటుక్కుమంది. చెల్లెలు ఉలిక్కిపడింది.

"చెప్పు" అంది బొద్దక్క, కుర్చీ ముందుకు జరుపుకుంటూ. "మొదటి నుంచీ చెప్పు."