ఒకే పేరున్న రెండు ఏనుగులు

ఆ అత్తాకోడళ్లు ఒకే గదిలో కూర్చుని ఎంబ్రాయిడరీ చేసేవారు. గోడ పొడవునా దారపు రీళ్లు, కిటికీ దగ్గర మెషిన్, మూలన కంప్యూటర్. కాగితం మీద గీసిన బొమ్మను కంప్యూటర్లో కుట్లుగా మార్చి, పెన్‌డ్రైవ్‌లో వేసి మెషిన్‌కి తగిలిస్తే మిగతా సంగతి సూది చూసుకునేది. అత్తగారి జంతువులు బొద్దుగా, బుద్ధిగా ఉండేవి. కోడలి జంతువులకు కుదురు తక్కువ. ఆమె ఏనుగు గొడుగు పట్టుకునేది, చేప కళ్లజోడు పెట్టుకునేది.

ఇద్దరి బొమ్మలూ ఒకే ఫోల్డర్లో ఉండేవి. ఫైళ్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవారు. కోడలు పనిలో చేరిన కొత్తలోనే, "పెద్దబడి అక్షరాలు, అదే క్యాపిటల్స్, మీరు వాడుకోండి అత్తయ్యా, నాకు చిన్నబడి చాలు," అంది. ఆ మర్యాద అత్తగారికి నచ్చింది. అప్పటినుంచి ఒకే పేరుతో రెండు ఏనుగులు, రెండు చేపలు, రెండు పిల్లులు ఆ కంప్యూటర్లో ఏ గొడవా లేకుండా కాపురం చేశాయి.

కొన్నాళ్లకి అది వేడెక్కి ఆగిపోతూ ఉండటంతో కొత్తది కొన్నారు. ఫైళ్లు అందులోకి మార్చే పని అత్తగారి అబ్బాయి మీద పడింది. అతను భోజనానికి ముందు కూర్చుని, అన్నం చల్లారేలోగా ముగించి లేచాడు.

మర్నాడు పిల్లల బడి నడిపే టీచరమ్మ పంపిన ఏప్రాన్లు మెషిన్ ఎక్కాయి. ఆవిడ ఏరి కోరి అత్తగారి ఏనుగునే అడిగింది. అత్తగారు బట్టను ఫ్రేములో బిగించి, మెషిన్ నడిపించి, మంచినీళ్లు తాగొద్దామని లోపలికి వెళ్లారు. వచ్చి చూస్తే ఏప్రాన్ మీద ఏనుగైతే ఉంది గానీ, దాని తొండానికి గొడుగుంది!

ఆవిడకు కోపమొస్తే గొంతు పెరగదు, మాట తగ్గుతుంది. మెషిన్ ఆపి, ఏప్రాన్ మడిచి పక్కన పెట్టి ఊరుకున్నారు. ఆ మధ్యాహ్నమే కోడలు తన చేప కోసం ఫైలు తెరిచింది. కళ్లజోడు లేని బొద్దు చేప ఒకటి ఆమెకేసి గుడ్లప్పగించి చూసింది. ఆమె కూడా మూతి బిగించుకుంది.

సాయంత్రానికి పక్కపక్కనే కూర్చున్న ఇద్దరి మధ్యా అబ్బాయి రాయబారిగా మారాడు.

"ఒరేయ్, ఆ కత్తెర ఇటు ఇమ్మని చెప్పు."

"ఏవండీ, కత్తెర అక్కడే ఉందని చెప్పండి."

అటూ ఇటూ రెండుసార్లు తిరిగేసరికి అతనికి నీరసం వచ్చింది. "అసలేమైంది మీకు?" అన్నాడు.

అత్తగారు ఇక ఆగలేకపోయారు. "నా ఏనుగు నచ్చకపోతే మొహం మీదే చెప్పొచ్చుగా అమ్మాయ్! దాన్ని తీసేసి నీది పెట్టడమెందుకు?"

"నేనా? మరి నా చేపని ఎవరు మింగారు అత్తయ్యా?"

ఒక్క క్షణం ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ కలిసి అతని వైపు తిరిగారు.

"నేనేం చెయ్యలేదు," అన్నాడతను. "కాపీ చేస్తుంటే ఏదో అడిగింది. ఈ పేరుతో ఒకటుంది, దాని బదులు ఇది పెట్టనా అని. అవునన్నాను."

"ఏది ఉందో, ఏది పోతుందో చూడకుండానే?"

"మాటిమాటికీ అడుగుతోందని, అన్నిటికీ అవుననే బటన్ ఉంటే అది నొక్కేశాను."

"ఇంట్లో మాతో అన్నట్టేనన్నమాట," అన్నారు అత్తగారు. కోడలికి నవ్వాగలేదు.

ఆమె కొత్త కంప్యూటర్ ముందు కూర్చుని, తన ఏనుగుకి ఇంకో కాపీ తీసి, అదే పేరు పెద్దబడిలో పెట్టబోయింది. ఆ పేరు ఇప్పటికే ఉందంటూ అది ఒప్పుకోలేదు.

"దీనికి పెద్దబడీ చిన్నబడీ ఒకటే అత్తయ్యా. మీ ఏనుగూ నా ఏనుగూ ఒకటే అనుకుంటోంది. రెంటిలో ఏది తర్వాత వస్తే అదే మిగిలింది. పాతది తేడా చూసేది."

"ఓహో! చిన్నంతరం పెద్దంతరం లేదన్నమాట దీనికి."

పాత కంప్యూటర్ ముందు టేబుల్ ఫ్యాన్ పెట్టి, దాన్ని చల్లగా ఉంచుతూ తెరిచారు. జంతువులన్నీ క్షేమంగా ఉన్నాయి. ఈసారి పేర్లు మార్చాకే పంపాలనుకున్నారు.

"మీ వాటికి చివర పెద్ద అని, నా వాటికి చిన్న అని పెడదామా?" అంది కోడలు.

"వద్దే. పెద్దరికం పేర్లలో ఎందుకు? పేరు వినగానే బొమ్మ కనపడాలి. నీది గొడుగు ఏనుగు, నాది బొద్దు ఏనుగు."

"బొద్దు అని మీరే అన్నారు, నేను కాదు!"

మిగిలిన ఏప్రాన్లు సరైన ఏనుగుతో చకచకా తయారయ్యాయి. పాడైన దాని కుట్లు మాత్రం చేత్తోనే విప్పాలి. అత్తగారు తొండం వైపునుంచి, కోడలు తోకవైపునుంచి మొదలుపెట్టారు. బట్ట చిరగకుండా ఒక్కో దారం లాగుతూ కబుర్లలో పడ్డారు. గొడుగు దగ్గరికి వచ్చేసరికి అత్తగారి చెయ్యి ఆగింది.

"ఈ అంచు ఇంత సన్నగా ఎలా తెచ్చావే? నాకెప్పుడూ ముద్దకట్టేస్తుంది."

కోడలు కుర్చీ దగ్గరికి జరుపుకుని చూపించడం మొదలుపెట్టింది. విప్పే పని అక్కడే ఆగిపోయింది. ఆ ఒక్క ఏప్రాన్ టీచరమ్మకు మిగతావాటికంటే ఒకరోజు ఆలస్యంగా అందింది.