అరుణజ్యోతి ఆరు కిలోలు

రండి, ఇంకా దగ్గరికి జరగండి. గోడకు ఆనుకుంటే నిద్రొస్తాది, ముందుకు వచ్చి కూచోండి. బడి సంచులు పక్కన పెట్టండి.

ధర్మవరంలో అరుణజ్యోతి అని ఒకామె. పొద్దున్నే లేచి, వాకిట్లో నీళ్లు చల్లి, ముందు గదిలో ఉన్న ట్రెడ్‌మిల్ మీద ముప్పావు గంట నడిచేది. షుగర్ వచ్చింది, నడవాలన్నాడు డాక్టరు. అప్పట్లో ఇంట్లో నాలుగు మగ్గాలు ఆడుతుండేవి. అందుకే ఆమె అడక్కుండానే భర్త ముత్యాలప్ప ఆ మిషన్ తెచ్చిపెట్టినాడు. రెండేండ్లలో ఆరు కిలోలు తగ్గింది. షుగర్ దారికొచ్చింది. ఆ తర్వాత మగ్గాలే ఒక్కొక్కటీ ఆగిపోయినాయి. ఇప్పుడు ఒక మగ్గం, రెండు చాపలు పట్టే ఇంటికి మారుతున్నారు.

మిషన్ కొనుక్కునేదానికి కుందుర్పి నుంచి తిప్పయ్య, ఆయన కూతురు త్రివేణి ట్రాలీ ఆటోలో వచ్చినారు. పిల్లకు పరుగు ప్రాక్టీసు కావాలంట. తిప్పయ్య ఒక పక్క, ముత్యాలప్ప ఒక పక్క పట్టి ఎత్తినారు. కదల్లేదు. వీధిలో ఇంకో ఇద్దరిని పిలిచినారు. అయినా కదల్లేదు.

“ఏమప్పా, సిమెంటు వేసి అతికించినావా?” అన్నాడు తిప్పయ్య.

“మా ఆమె బరువు దాంట్లోనే ఉండాదన్నా.”

తిప్పయ్య తలూపినాడు. వాళ్ల ఊర్లో ఒకరి తిరగలికీ ఇట్లే అయింది. ఒంట్లోంచి దిగిన బరువు దిగిన చోటే కూచుంటాది. ఎవరో ఒకరు ఎక్కి, వెనక్కి నడిచి, ఒంటికి ఎక్కించుకుంటేనే కదులుతాది.

ఆ ఇంట్లోకి కొత్తగా దిగబోయే వాళ్ల లారీ అప్పటికే వాకిట్లో హారన్ కొడతాంది.

“నీ కిలోలు నువ్వే తీసుకో, ఇంగేం చేస్తాం,” అన్నాడు ముత్యాలప్ప, భార్య మొగం చూడకుండా.

“తీసుకుంటే షుగరు మళ్లీ పైకి పోతాది గదా.”

“తెలుసు.”

పొద్దుటి నుంచి గిన్నెలు మోసీ మోసీ ఆమెకు వాదించే ఓపిక లేదు. చెప్పులు విడిచి, మిషన్ మీద ఒక కాలు పెట్టింది.

“దిగక్కా,” అన్నది త్రివేణి. గాలికి కొట్టుకుపోయేట్టుండే పిల్ల. “పోలీసు సెలక్షన్లో పరుగు గెలుస్తాండా, తూకంలో పోతాండా. నలబై కిలోలు ఉండాల, ముప్పై ఆరే ఉండా. రెండుసార్లు ఎనక్కి పంపినారు. అది నాకియ్యి.”

“ఎవురో దించుకున్నది నీకెందుకే?” అని కసిరినాడు తిప్పయ్య.

“మనింట్లో యాడుండాది నాయనా, ఎక్కేదానికి?”

మూడేండ్లుగా వాళ్ల చేన్లో శనక్కాయ సరిగ్గా పండలేదు. తిప్పయ్య అరుణజ్యోతి వైపు తిరిగి, “షుగరు కూడా అంటుకుంటాదేమోమ్మా?” అన్నాడు.

“అది నాతోనే వస్తాదిలే అన్నా, కొత్తింటికి.” ఆమె కాలు కిందికి దించింది. “ఎక్కు తల్లీ. మగ్గాలు ఆడినన్నాళ్లు తిన్న నెయ్యి అది. కల్తీ లేదు.”

త్రివేణి వెనక్కి నడిచింది. అరగంటకు బుగ్గలు నిండినాయి, చేతుల గాజులు బిగిసినాయి. మిషన్‌ను ఇద్దరే ఎత్తి ట్రాలీలో పెట్టేసినారు.

ఆ పై నెలలో ఫోను వచ్చింది. “అక్కా, నలబై రెండు తూగినా! తీసుకున్నారు!”

కొత్తింట్లో కాళ్లు చాపుకునే చోటు లేక, మగ్గం పక్కన ముడుచుకుని కూచోనుంది అరుణజ్యోతి. “మంచిది పాపా,” అన్నది. “ఇంగ ఆ మిషన్ మాత్రం ఎక్కగాకు.”

అంతే. లేయండి, ఇండ్లకు పోండి. సంగటి చల్లారకముందే తినండి. చాలమ్మా అనగాకండి, ఇంకో ముద్ద అడగండి.