ఐదు రంగుల ప్యాడు

జూన్ 30, సోమవారం మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు పంజాగుట్టలోని ఒక ప్రభుత్వ కార్యాలయం రెండో అంతస్తులో అటెండర్ పోచమ్మ తన వీడ్కోలు సభలో ఇంకు ప్యాడు మీద వేలు పెట్టనంది.

ఆ ప్యాడు కొన్నది సీనియర్ అసిస్టెంట్ మధులత. దాని కోసం ఆమె నాలుగు రోజుల్లో మూడుసార్లు అమీర్‌పేట దుకాణం మెట్లెక్కింది.

ఇది గురువారం మొదలైంది. సెక్షన్‌లో కొత్తగా చేరిన సుమశ్రీ తన ఫోనులో ఒక బొమ్మ చూపించింది. అట్ట మీద చెట్టు. మాను, కొమ్మలు గీసి ఉన్నాయి. ఆకులుండాల్సిన చోట మనుషుల వేలిముద్రలున్నాయి, ఒక్కొక్కరిది ఒక్కో రంగు.

"శాలువా, స్టీలు బిందె అందరూ ఇచ్చేవే కదా మేడం. మనం ఇది ఇద్దాం. పోచమ్మగారు గోడకి పెట్టుకుంటారు. చెట్టు నేను గీస్తాను. ప్యాడ్ ఒక్కటీ మీరు తెస్తే చాలు. మీ ఇల్లు అమీర్‌పేటేగా."

"ఇల్లు ఆడ ఉంటే అన్ని నేనే మోసుకరావాల్నా?" అంది మధులత. అని, సరేనంది. కాదని చెప్పడానికి కూడా కొంత ఓపిక కావాలి. ఆ వారం ఆమె దగ్గర అది లేదు. బదిలీల జాబితా పైనుంచి మూడుసార్లు తిరిగొచ్చింది. తిరిగొచ్చిన ప్రతిసారీ మొదటి వరస నుంచి టైపు చేసింది ఆమే. పోచమ్మ పింఛను కాగితాలు పంపిందీ ఆమే.

శుక్రవారం సాయంత్రం ఆరున్నరకు మధులత మైత్రీవనం వెనక సందులోని దుకాణానికి వెళ్ళింది. కోచింగ్ పిల్లలు నోట్సు జిరాక్సు తీయించుకునే చోటు. లోపలి అరలో రంగు కాగితాలు, జిగురు, రబ్బరు ముద్రలు ఉంటాయి. యజమాని రాఘవేందర్ రెండు డబ్బాలు తీసి గాజుబల్ల మీద పెట్టాడు. రెండూ అరచేతిలో పట్టేవే. రెండిటి మీదా అవే ఐదు గీతలు: పసుపు, నారింజ, ఎరుపు, ఆకుపచ్చ, గోధుమ.

"గీ రెంటికి ఫరక్ ఏందన్నా?"

"ఇది నీళ్ళ ఇంకు, గది చిక్కటి ఇంకు. నీళ్ళది కాగితంలకు దిగుతది, జల్ది ఆరుతది. చిక్కటిది పైనే కూసుంటది. రంగు మంచిగ కనవడ్తది గని ఆరనీకె టైం వడ్తది. మీ కాగితం ఎసొంటిది?"

మధులతకు తెలియదు. సుమశ్రీకి ఫోను చేసింది. నున్నటి చార్టు అట్ట అని సుమశ్రీ చెప్పింది.

"నున్నటిదైతే చిక్కటిది ఆరనే ఆరదు. ఒకలు ఏసింది ఇంకొకల చేతికి అంటుతది. నీళ్ళది తీస్కోండ్రి," అన్నాడు రాఘవేందర్.

"చేతికంటితే పోతదా?"

"చిక్కటిది సబ్బు వెడితే పోతది. నీళ్ళది రెండ్రోజులుంటది."

మధులత డబ్బా కింద పెట్టింది. ఆఫీసులో హాజరు బొటనవేలితోనే. వేలికి రంగుంటే మిషన్ ఒప్పుకోకపోవచ్చు. మంగళవారం పొద్దున మిషన్ ముందు లైను ఆగిపోతే సూపరింటెండెంట్ రామ్మోహనరావు ఎవరిని పిలుస్తాడో ఆమెకు తెలుసు. ఒక డబ్బా తీసింది. పెట్టింది. రెండోది తీసింది. వెనక ఇద్దరు పిల్లలు జిరాక్సు కాగితాలతో నిలబడ్డారు.

"ఎడమచెయ్యి ఏపియ్యుండ్రి మేడం," అన్నాడు రాఘవేందర్. "మిషన్ల వెట్టేది కుడిది. నిశాని అంటే ఎప్పటికైనా ఎడమ బొటనవేలే గద."

"గదే మంచిగుంది," అంది మధులత. చిక్కు విడిపోయిందనుకుంది. నీళ్ళ ఇంకు ప్యాడు తీసుకుంది. ప్యాడును పడుకోబెట్టి ఉంచాలని రాఘవేందర్ చెబుతున్నప్పుడు ఆమె ఫోను మోగింది. బదిలీల జాబితా నాలుగోసారి తిరిగొచ్చిందని అవతలి నుంచి చెప్పారు. ఆమె ప్యాడును బ్యాగులో నిలువుగా దోపి మెట్లు దిగింది.

శనివారం ఉదయం సుమశ్రీ మూత తీసింది. ఐదు గీతలు లేవు. రాత్రంతా బ్యాగులో నిలబడి రంగులు ఒకదాంట్లోకి ఒకటి దిగాయి. మిగిలింది పేడ రంగు.

"మేడం, ఇదేంటి, తుప్పులా ఉంది?"

"ఎండిన చెట్టు అందాం తీ. ఆమె సుత రిటైరే అయితున్నది."

సుమశ్రీ నవ్వలేదు. మధులత బ్యాగు తీసుకుంది.

భోజనం వేళ మళ్ళీ మెట్రో ఎక్కింది. పంజాగుట్ట నుంచి అమీర్‌పేట ఒక్క స్టేషనే. కానీ రైలు దిగాక మెట్లున్నాయి, మెట్ల కింద జనం ఉన్నారు. టిఫిన్ డబ్బా తెరవకుండానే బ్యాగులో ఉంది. రాఘవేందర్ పాడైన ప్యాడు చూసి పక్కన పెట్టాడు. ఈసారి ఇంకో రకం తీశాడు. అవే ఐదు రంగులు, కానీ ఒక్కో రంగు ఒక్కో ముక్క. వాడేటప్పుడు ముక్కల్ని దగ్గరికి జరపాలి, వాడాక దూరం జరపాలి. అప్పుడు కలవవు.

"ఇందుల సుత రెండు ఇంకులున్నయ్. కింద రాసుంటది సూస్కోండ్రి," అని రెండు డబ్బాలు ఆమె ముందు పెట్టి జిరాక్సు మిషను దగ్గరికి పోయాడు.

రాసి ఉంది. ఆవగింజంత అక్షరాలు. మధులత కళ్ళద్దాలు ఆఫీసు బల్ల మీద ఉన్నాయి. డబ్బాను దూరంగా పట్టి చూసింది, దగ్గరగా పట్టి చూసింది. ఎడమచేతిలోది నీళ్ళ ఇంకు అనుకుంది. అదే తీసుకుంది.

అది చిక్కటి ఇంకు. ఆదివారం ఇంట్లో ఒక పెళ్ళికార్డు వెనక వేలు వేసి చూసింది. గంట తరువాత తాకితే పక్కకు సాగింది.

సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు దుకాణం తెరిచేసరికి ఆమె మెట్ల మీద ఉంది.

"పెండ్లి చీరెలకు సుత గిన్నిసార్లు తిరగరు మేడం," అన్నాడు రాఘవేందర్.

"పెండ్లి చీరెలు ఒకే తీరు ఉండయి కదన్నా. ఇవి రెండు ఒక్క తల్లి పిల్లల లెక్కున్నయ్. జర నువ్వే తీసియ్యి. నాతోని కాదు."

అతను తీసిచ్చాడు. మధులత దాన్ని రెండు చేతుల మీద పళ్ళెంలా పట్టుకుని మెట్రోలో నిలబడింది. ఒక ఆవిడ ప్రసాదమనుకుని పక్కకు జరిగింది. బయట తుంపర పడుతోంది. ఆఫీసు చేరేసరికి పది దాటి ఐదు నిమిషాలైంది.

ఈసారి ప్యాడు సరైనదే. భోజనం వేళకు ఇరవై ముగ్గురు ఎడమ బొటనవేళ్ళు వేశారు. ముద్రలు ఆరాయి. ఒకదానికొకటి అంటలేదు. వాటిలో ఒకటి మధులతది. కుర్చీలో కూర్చుని చెప్పులు విడిచింది.

సభ రెండున్నరకు మొదలైంది. రామ్మోహనరావు పన్నెండు నిమిషాలు మాట్లాడాడు. శాలువా కప్పారు. మూడు దాటాక సుమశ్రీ చార్టు తెచ్చి పోచమ్మ ముందు పరిచింది. చిటారుకొమ్మ దగ్గర ఒక్క ఆకుకు చోటు వదిలారు. సుమశ్రీ ప్యాడు మూత తీసి ముందుకు జరిపింది.

పోచమ్మ ప్యాడు చూసింది. చెయ్యి కొంగు కిందికి తీసుకుంది.

"నేనెయ్య బిడ్డా."

"ఒక్క వేలే పోచమ్మగారూ. రెండ్రోజుల్లో పోతుంది."

"పోతదో పోదో నాకెరుకే. నేనెయ్య."

ఎవరో నవ్వారు. రామ్మోహనరావు కుర్చీలోంచి ముందుకు వంగాడు. "ఏంటమ్మా, సరదాకేగా. మేమంతా వేశాం, చూడు."

"మీరెయ్యొచ్చు సారు. మీరు సదువుకున్నోళ్ళు," అంది పోచమ్మ. బల్ల మీది ఖాళీ కప్పులు ట్రేలో సర్ది, ట్రే పట్టుకుని బయటికి వెళ్ళింది.

అక్కడున్నవాళ్ళలో కారణం తెలిసింది మధులతకు ఒక్కదానికే.

పోచమ్మ భర్త ఓదెలు అదే ఆఫీసులో డ్రైవరు. 1996లో చనిపోయాడు. ఆ ఉద్యోగం బదులు పోచమ్మకు అటెండరు పని ఇచ్చారు. ప్రతి నెలా జీతం పట్టీ మీద ఆమె ఎడమ బొటనవేలు వేసేది. పక్కన గుమాస్తా 'పోచమ్మ నిశాని' అని రాసి, సాక్షిగా తన సంతకం పెట్టేవాడు. 2008లో మధులత చేరింది. ఆ పని ఆమెకు వచ్చింది. పోచమ్మ వేలు పట్టుకుని ప్యాడు మీద అద్దేది, పట్టీ మీద నొక్కేది. మూడో నెలలో పోచమ్మ అడిగింది: "నా పేరు ఎట్లుంటదో ఓపారి రాసి సూపియ్యి."

భోజనం వేళల్లో, చిత్తు కాగితాల వెనక, నాలుగు నెలలు రాయించింది మధులత. చివరి అక్షరం దగ్గర చెయ్యి ఆగిపోయేది. మరుసటి ఏడాది ఫిబ్రవరి జీతం పోచమ్మ సంతకం పెట్టి తీసుకుంది. ఆ తరువాత ఈ ఆఫీసులో ఆమె వేలు ఏ కాగితం మీదా వేయలేదు. హాజరు మిషన్ వచ్చాక కూడా రోజూ వేలు పెట్టాల్సిన పని పడలేదు. గిన్నెలు తోమి అరిగిన వేలిని మిషన్ గుర్తించలేదు. ఆమె ఒక్కతే రిజిస్టరులో సంతకం పెడుతూ వచ్చింది.

మధులత చెప్పులు వేసుకుని టీ గదికి వెళ్ళింది. పోచమ్మ కప్పులు కడుగుతోంది.

"పోచమ్మక్కా."

"ఛాయ్ కావాల్నా?"

"వద్దు."

"మరెందుకొచ్చినవ్? ఆడ సభ నడుస్తుంటే."

"నాకు యాదికి రాలేదక్కా."

పోచమ్మ కుళాయి కట్టేసింది. "నేర్పినదానివి నువ్వు. నీకే యాదికి రాకుంటే ఇగ గా కొత్త పిల్లకు ఏమెరుక? దాన్నేమనకు."

"మూడుసార్లు పోయిన దుకాణానికి. ఏది ఆరుతది, ఏది అంటుకుంటది, గదే ఫికర్. ఇంకో సంగతి మతికే రాలే."

"మస్తు తిరిగినట్టున్నవ్. మొఖం గుంజుకపోయింది. అన్నం తిన్నవా?"

"తిన్న. నన్ను తిట్టక్కా."

"తిట్టి ఏం జేస్త? నాలుగున్నరకు తాళాలు అప్పజెప్పాలె, ఇంక చక్కెర డబ్బాలు సుత లెక్కవెట్టలే."

"చింపేస్త దాన్ని. ఎవలన్న ఏమన్న అననియ్యి."

"చింపుతవా? గంతమంది ఏసినంక?" పోచమ్మ చేతులు తుడుచుకుంది. కప్పులు బోర్లించింది. "ఎందరేసిర్రు?"

"ఇరవై మూడు మంది."

"ఏది ఎవలదో పేర్లు రాసిర్రా?"

"లేదు."

"పేరు లేకుంటే నాకెట్ల ఎరుక, ఏది సారుదో ఏది నీదో? గోడకు వెట్టి ఏం సూడాలె? నా నిశాని పక్కన పేరు రాస్తుంటివి. కింద నీ సంతకం వెడ్తుంటివి. సాచ్చి లేంది నిశాని చెల్లదక్కా అని నాకు నువ్వే చెప్తివి. ఏం, మీవి ఊకెనే చెల్లుతయా?"

మధులత పక్కకు జరిగి దారిచ్చింది. పోచమ్మ శాలువా సర్దుకుని ముందు నడిచింది.

మూడు గంటల నలభై నిమిషాలకు ఇద్దరూ హాలులోకి వచ్చారు. పోచమ్మ కుర్చీలో కూర్చుంది. చార్టు తనవైపు తిప్పుకుంది.

"ఒక్కొక్కలు రాండ్రి. ఎవల ఏలు ఎవలదో చెప్పుండ్రి. మధులత రాస్తది."

సుమశ్రీ ముందు వచ్చింది. తన ఆకు చూపించింది. మధులత బాల్‌పెన్నుతో పక్కన పేరు రాసింది. తరువాత ఒక్కొక్కరే వచ్చారు. ఆకుపచ్చ ముద్రలు రెండు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి రామ్మోహనరావుది, ఒకటి క్యాషియర్ ప్రమోద్‌ది. ఏది ఎవరిదో ఇద్దరూ తేల్చలేకపోయారు.

"పెద్దది నాదే అయ్యుంటుంది," అన్నాడు రామ్మోహనరావు.

"పెద్ద పోస్టు అయితే పెద్ద ఏలుంటదా సారు? మంచిగ సూడుండ్రి. తప్పు చెప్తే నా మీదికొస్తది," అంది పోచమ్మ.

ప్రమోద్ వేలిని ముద్ర పక్కన పెట్టి చూశాడు. పెద్దది అతనిది.

"అది సరే, మా వేలిముద్రలకి సాక్షివి నువ్వా?" అన్నాడు రామ్మోహనరావు.

"మరింకెవలు సారు? ఈడ ఏలు వెట్టందాన్ని నేనొక్కదాన్నే ఉన్న."

ఈసారి నవ్వింది రామ్మోహనరావు. మిగిలినవాళ్ళు ఆయన నవ్వాక నవ్వారు. సుమశ్రీ ప్యాడు ముక్కల్ని దూరం జరిపి మూత పెట్టింది. మధులత కుర్చీ లాక్కుని కూర్చుని మిగతా పేర్లు రాసింది. తన పేరు చివరన రాసింది.

నాలుగు గంటల పదిహేను నిమిషాలకు చార్టు అడుగున, మాను మొదట్లో, మధులత 'సాక్షి' అని రాసింది. పెన్ను పోచమ్మకు ఇచ్చింది. పోచమ్మ సంతకం పెట్టింది. కింద తేదీ వేసింది.

నాలుగున్నరకు టీ గది తాళాలు, రెండు చక్కెర డబ్బాలు అప్పగించింది. ఫ్రేము కట్టించి ఇంటికి పంపుతామని సుమశ్రీ చెప్పింది. పోచమ్మ వద్దంది. చార్టును చుట్టి, పైన పాలిథిన్ కవరు తొడిగించుకుంది.

ఐదున్నరకు పంజాగుట్ట చౌరస్తాలో ఎర్రగడ్డ వైపు వెళ్ళే షేర్ ఆటో ఎక్కింది. చార్టు ఆమె చేతిలో ఉంది.