ఫెడరల్ కోర్టు తిప్పి పంపిన కేసు

ఖాళీ చేయమని తలుపుకు అంటించిన కాగితాన్ని వెర్నీస్ టాలివర్ రోజుకు నాలుగైదుసార్లు చదువుతోంది.

మేకన్ ఊళ్ళోని ఆ అద్దె ఇంట్లో ఆమె పదకొండేళ్ళుగా ఉంటోంది. పక్షవాతంతో కాళ్ళు పడిపోయిన తమ్ముడు ఆర్లిస్‌ను తనే చూసుకుంటోంది. అతని చక్రాల కుర్చీ కోసం గుమ్మం ముందు చెక్కలతో వాలుదారి వేయించింది. ఇల్లు కొత్తగా కొన్నవాళ్ళు దాన్ని పీకేయమన్నారు. ఆమె పీకలేదు. ముప్పై రోజుల్లో ఖాళీ చేయమని నోటీసు ఇచ్చారు. గడువు దాటగానే జిల్లా స్థాయి కౌంటీ కోర్టులో కేసు వేశారు. గురువారం విచారణ.

మంగళవారం చర్చి నుంచి వస్తూ స్నేహితురాలు ఓపల్ చెప్పింది. "కౌంటీ కోర్టులో రెండు నిమిషాల్లో తేల్చేస్తారే నీ సంగతి. వాలుదారి వేసుకోనిచ్చే వికలాంగుల చట్టం ఫెడరల్‌ది, అంటే కేంద్రానిది కదా? కేసును ఫెడరల్ కోర్టుకు మార్చేయి. మా మేనల్లుడు అదే చేశాడు."

"వాడిప్పుడు ఎక్కడుంటున్నాడు?"

"మా ఇంట్లోనే. అదంతా ఎందుకులే ఇప్పుడు."

వెర్నీస్ బుధవారం వెళ్ళి, సంతకం పెట్టి, కాగితాలు ఫెడరల్ కోర్టులో దాఖలు చేసింది. ముద్ర పడిన నకలు కౌంటీ కోర్టులో ఇచ్చింది. కేసు అటు మారడంతో గురువారం విచారణ ఆగిపోయింది. బతికాం అనుకుంది గానీ, వీధిలో కారు నెమ్మదిస్తే చాలు, కిటికీ దగ్గరికి పరుగెత్తేది. పోలీసులొచ్చి సామాను రోడ్డు మీద పడేస్తే ఆర్లిస్‌ను ఎత్తుకుని ఎక్కడికి పోవాలి? దుప్పట్లు, మందులు ఒక సంచిలో సర్ది తలుపు దగ్గరే పెట్టుకుంది.

పన్నెండో రోజున ఫెడరల్ కోర్టు ఉత్తర్వు వచ్చింది. ఇంట్లోంచి పంపించమనే కేసు రాష్ట్ర చట్టానిది. అద్దెకున్నవాళ్ళు తమ వాదనలో ఫెడరల్ చట్టాన్ని తెచ్చినంత మాత్రాన వినే అధికారం మాకు రాదు. కేసును కౌంటీ కోర్టుకే తిప్పి పంపుతున్నాం.

ఆమె ఉత్తర్వును మడిచి తమ్ముడి పక్కన కూర్చుంది. "ఆర్లిస్, నేను తప్పు చేశాన్రా. వాళ్ళకి నా మీద ఇంకా కోపం వచ్చుంటుంది."

"ఎవరికక్కా?"

"జడ్జీకి. కేసు లాక్కుని పారిపోయాను కదా."

"మరి మళ్ళీ పారిపోకు. నన్నూ తీసుకెళ్ళు. ఈ కుర్చీని వాళ్ళని చూడనీ."

కౌంటీ కోర్టు హాల్లో ఆమె పేరు పిలిచేసరికి ఆర్లిస్ కుర్చీని తోసుకుంటూ ముందుకు వెళ్ళింది. జడ్జి తలనెరిసిన ఆవిడ. ఫైలు తిరగేసింది.

"ఫెడరల్ కోర్టుకు ఎందుకెళ్ళావమ్మా?"

"ఇక్కడ ఆ చట్టం పనికిరాదన్నారండీ."

"ఎవరన్నారు? అది ఇక్కడా చట్టమే. కేసు నడిచేది ఇక్కడే, నీ వాదన వినేదీ ఇక్కడే. చెప్పు."

వెర్నీస్ తడబడుతూ వాలుదారి గురించి చెప్పింది. జడ్జి ఆర్లిస్ వైపు ఒకసారి చూసి, నోటీసు తేదీ చదివి, ఇంటివాళ్ళ లాయరును అడిగింది. "అద్దె ఒప్పందం గడువు ఎప్పుడో తీరిపోయింది. ఒప్పందం లేకుండా సాగే అద్దెకు అరవై రోజుల నోటీసు ఇవ్వాలి. ముప్పైయే ఇచ్చారేం?"

లాయరు కాగితాలు వెతికాడు. అరవై రోజుల నోటీసు అందులో లేదు.

జడ్జి కేసు కొట్టేసింది. వాలుదారి సంగతి ఇంకా తేలలేదని, మళ్ళీ నోటీసిస్తే ఈసారి లాయరుని పెట్టుకుని రమ్మని చెప్పి, ఉచిత న్యాయ సహాయం వాళ్ళ ఫోన్ నంబరు రాసి ఇచ్చింది.

బయట కారు దగ్గర వెర్నీస్ తాళంచెవి రెండుసార్లు జారవిడిచింది.

"గెలిచాం కదక్కా, ఇంకా వణుకుతున్నావేం?"

"మళ్ళీ వస్తార్రా వాళ్ళు."

"వస్తారు. ముందు ఆ ఉచిత సహాయం వాళ్ళకి ఫోన్ చెయ్యి."

ఆమె కారెక్కకుండానే, అక్కడే నిలబడి జడ్జి ఇచ్చిన నంబరు నొక్కింది.